మాట స్పష్టమైతేనే పొత్తు నిలుస్తుంది

మన కుటుంబాలలో అన్నదమ్ములు కలిసి దుకాణం పెట్టుకోవడం కొత్త విషయం కాదు. ఒకరు డబ్బు సమకూరుస్తారు, మరొకరు పొద్దున్నుంచి రాత్రి దాకా గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు. కొన్నేళ్ళు గడిచాక “నాకు రావలసినదెంత?” అన్న ప్రశ్న తలెత్తుతుంది. అప్పుడు పుట్టే తగాదాకు అన్నిసార్లూ దురాశే కారణం కాదు. ఒకే మాటను ఇద్దరూ రెండు అర్థాలలో వాడుకుంటూ వచ్చి ఉంటారు. అందుకే వ్యాపారంలో తప్పనిసరి అయిన కొన్ని పదాలను ఇక్కడ పరిశీలిద్దాం.

ఈ భాష మనకు పరాయిది కాదు. తెలుగులో స్థిరపడిన జమ, ఖర్చు, బాకీ, నగదు, వసూలు, షరతు, కరారు అన్నవి అరబీ, ఫార్సీల నుండి వచ్చిన మాటలే. బాకీ అంటే మిగిలి ఉన్నది, వసూలు అంటే చేరడం. అరువుకు అమ్మిన సరుకు విలువను పుస్తకంలో రాసుకున్నంత మాత్రాన అది వసూలు కాదు. చేతికి చేరేంతవరకు బాకీయే.

అమ్మకం వేరు, లాభం వేరు. నెలకు 1,00,000 రూపాయల సరుకు అమ్మామనుకుందాం. దానిని కొన్న ధర 80,000, అద్దె, కరెంటు, పనివారి జీతాలు కలిపి 12,000 పోతే మిగిలే లాభం 8,000 మాత్రమే. గల్లాపెట్టెలో కనిపించినదంతా ఇంటి ఖర్చుకు తీస్తే, మనం తింటున్నది లాభాన్ని కాదు, మూలధనాన్ని.

అప్పు, పెట్టుబడి, కానుక అన్న మూడింటి మధ్య తేడా మరింత ముఖ్యం. అప్పయితే వ్యాపారం దెబ్బతిన్నా తీర్చవలసిందే. ఇచ్చినవారు లాభంలో వాటా అడగరాదు. పెట్టుబడి అయితే లాభంతోపాటు నష్టంలోనూ పాలు ఉంటుంది. కానుక అయితే తిరిగి అడిగేది ఉండదు. ఇల్లాలు తన నగలు అమ్మి దుకాణానికి ఇచ్చిన సొమ్ము ఈ మూడింటిలో ఏది? ఆ సొమ్ము ఆమెది. కాబట్టి జవాబు చెప్పవలసిందీ ఆమే, అదీ సొమ్ము ఇచ్చే రోజునే.

ఒకరి ధనం, మరొకరి శ్రమతో సాగే పొత్తును ఇస్లామీ ధర్మశాస్త్రం ముదారబా అంటుంది. లాభాన్ని ముందుగా ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. శ్రమించినవారి నిర్లక్ష్యం లేకుండా నష్టం వస్తే, అది ధనం పెట్టినవారిది. రెండవవారికి శ్రమ వృథా అవుతుంది. మన దేశంలోని 1932 నాటి భాగస్వామ్య చట్టం మరోలా చెబుతుంది. భాగస్వాముల మధ్య వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు రెండూ సమానమే. దుకాణంలో పనిచేసినందుకు భాగస్వామికి జీతమూ రాదు. మనసులో ఒక పద్ధతి అనుకొని కాగితం మీద ఏమీ రాసుకోనివారు ఈ తేడాను గమనించాలి.

‘యాజమాన్యం’ అన్న మాట కూడా చిక్కులు తెస్తుంది. సొంతదారునికీ నడిపేవారికీ మనం అదే మాట వాడుతున్నాం. నడిపేవారి పనిని ‘నిర్వహణ’ అనడం మేలు. నిర్వాహకుని చేతిలో ఉన్నది అమానతు. పెద్దన్న అయినా సరే, లెక్క చూపవలసినవాడే. జవాబుదారీ లేని పెత్తనం నాయకత్వం అనిపించుకోదు.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పెద్ద ఆయతు, అల్ బఖరా సూరాలోని 282వది, అప్పు వ్యవహారాలను రాసుకోవడం గురించే. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దని అది బోధిస్తుంది. కాబట్టి రాసుకుందామని కోరడం తోబుట్టువును అనుమానించడం కాదు.

కొత్తగా పొత్తు కలిసేవారు ఐదు విషయాలు కాగితం మీద పెట్టుకోవాలని మేము కోరుతున్నాం: ఎవరి డబ్బు ఎంత, ఎవరి వాటా ఎంత, పనిచేసేవారికి జీతం ఉందా, నష్టం ఎవరు భరించాలి, విడిపోతే లెక్క ఎలా తేల్చాలి. ఇప్పటికే కలిసి నడుపుతున్నవారు కూడా, ప్రేమగా మాట్లాడుకుంటున్న రోజులలోనే, ఈ ఐదింటినీ రాసి సాక్షుల సంతకాలు చేయించుకోవడం మంచిది.