మా ఆటలో 'ఊరోడు' ఎవరు?

మొన్న సెలవుల్లో ఊరికి పోతే, మా అన్న కొడుకు ఫోన్‌లో ఫ్రీ ఫైర్ ఆడుతున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు: "కాకా, నువ్వు చిన్నప్పుడు ఏం ఆడేటోనివి?"

గోటీలు, చిర్రగోనె, కోతికొమ్మచ్చి అని చెప్పిన. ఇంకో ఆట పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అన్నలు-పోలీసులు.

మాది ఆదిలాబాద్ జిల్లాలో అడవి అంచున ఉన్న ఊరు. నక్సలైట్లను ఊళ్లో 'అన్నలు' అనేవాళ్లు. 1980లో కొండపల్లి సీతారామయ్య పీపుల్స్‌వార్ పెట్టాడు. మరుసటేడు ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. అంతకంటే చాలా ఎక్కువ మంది అని హక్కుల సంఘాలు చెప్పాయి. 1992లో పీపుల్స్‌వార్‌ను నిషేధించారు. యుద్ధం అని ఎవరూ ప్రకటించలేదు గానీ, మా చిన్నతనమంతా అందులోనే గడిచింది.

బంద్ అంటే ఎర్రబస్సు రాదు, బడి సారు రాడు. సెలవు దొరికిందని మాకు సంబరం. అమ్మలు మాత్రం పొద్దుగూకకముందే వంట ముగించి తలుపులేసేవాళ్లు.

ఇక ఆట సంగతి. జొన్నదంటే తుపాకి, మట్టిముద్దే బాంబు. రెండు జట్లు. నడుమ ఒక్కడు ఊరోడు. అన్నలొచ్చి "అన్నం పెట్టు" అంటే ఉత్త చేతులతోనే వడ్డించాలి. వాళ్లు పోయినంక పోలీసులొస్తరు. "రాత్రి ఎవలొచ్చిండ్రు?" "నాకెరుక లేదు సార్" అంటే వీపు మీద దెబ్బలు. చెప్పేస్తే అన్నలు మళ్లొచ్చి ఇన్‌ఫార్మర్ అని పంచాయితీ పెడతరు. ఎట్లా ఆడినా ఓడేది ఊరోడే. అందుకే ఆ వేషం ఎవరికీ వద్దు. పంటలేసి ఓడినోడికి అంటగట్టేవాళ్లం.

ఒక రాత్రి మా తలుపు నిజంగానే కొట్టారు. అమ్మ మాట్లాడకుండా ఉన్న అన్నమంతా పెట్టింది. తెల్లారి బాపును స్టేషన్‌కు పిలిచారు. పోయేముందు అమ్మ నా గదువ పట్టుకుని, "ఎవలడిగినా పండుకున్న అని చెప్పు" అంది. బాపు పొద్దుగూకినంక వచ్చాడు. ఏం జరిగిందో చెప్పలేదు. ఆ రాత్రి బోర్లా పడుకున్నాడు.

రెండు రోజులకు ఆటలో నేను ఊరోన్ని. నా దోస్తు జొన్నదంటు ఎత్తి "ఎవలొచ్చిండ్రు?" అని అరిచాడు. నోరు పెగల్లేదు. ఏడుపొచ్చింది. దంటు కింద పడేసి వాడు కూడా నా పక్కనే కూసున్నాడు. ఆ ఆట మేం మళ్లీ ఆడలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో అనా ఫ్రాయిడ్, డొరోతీ బర్లింగ్‌హామ్ లండన్‌లో పిల్లల కోసం నర్సరీలు నడిపారు. అక్కడి పిల్లలు బాంబుదాడుల ఆట ఆడేవాళ్లని వాళ్లు రాశారు. అది చదివినప్పుడు నాకు మా జొన్నదంట్లే యాదికొచ్చినయ్. పెద్దోళ్లు ఇంట్లో గుసగుసగా కూడా అనలేని మాటల్ని మేం వాకిట్లో అరిచి ఆడుకున్నాం.

ఇదంతా మా వాడికి చెప్పిన. ఫోన్ పక్కన పెట్టి విన్నాడు. వాడి గేమ్‌లో అందరి చేతుల్లో తుపాకులే, అన్నం పెట్టేటోడు లేడు.

"మరి ఊరోడు ఎట్ల గెలుస్తడు కాకా?"

"గెలవడు బిడ్డా. తెల్లారంగనే చేనుకు పోతడు."

మా బాపు కూడా మర్నాడు అదే చేశాడు.