గడపలోకి వచ్చిన బ్యూటీపార్లరు
ముఖం అప్పగించే ముందు సంచిలో ఏముందో చూడండి

ఉప్పల్: ఇంట్లో ఆడపిల్ల పెండ్లి కుదిరితే వెనుకటి రోజుల్లో ముందుగా నలుగుపిండి సిద్ధమయ్యేది. పెసలు, శనగలు, బావంచాలు, కచ్చూరాలు ఇంట్లోనే విసిరి, పసుపు కలిపి దాచేవారు. క్షవరం చేసేవారు, గోళ్ళు తీసేవారు కూడా ఇంటికే వచ్చేవారు. ఆ పనికి దుకాణమూ లేదు, బోర్డూ లేదు. తరువాత పట్నాలలో బ్యూటీపార్లర్లు వెలిశాయి. ఇప్పుడు ఆ పార్లరే సంచిలో సర్దుకుని మళ్ళీ గడప తొక్కుతున్నది.

ఉప్పల్, నాచారం ప్రాంతాలు మన గ్రామాలవారికి కొత్తవి కావు. వరంగల్ బాటలో పట్నం పోయేవారు ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు దిగడం పరిపాటి. ఒకప్పుడు రంగారెడ్డి జిల్లాలో వున్న ఈ ప్రాంతం 2016 అక్టోబరు నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. పారిశ్రామికవాడలు ఎప్పటి నుంచో వున్నాయి. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చింది. పొద్దున పోయి పొద్దుగూకి వచ్చే ఆడవారికి పార్లరుకు పోయి వరుసలో కూర్చునే తీరిక ఎక్కడిది? పసిబిడ్డ తల్లులకు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారికి గడప దాటడమే కష్టం. అలాంటివారికి ఫోను చేస్తే ఇంటికి వచ్చే బ్యూటీషియన్ ఎంతో సౌకర్యం. పెండ్లిళ్ళ రోజుల్లో ఇలాంటివారిని పల్లెలకు పిలిపించుకోవడమూ వుంది.

ఉపాధికి దారి

ఈ పనికి పెట్టుబడి తక్కువ. దుకాణం అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు. ఒక స్కూటరు, వ్యాక్స్ కరిగించే చిన్న హీటరు, తువ్వాళ్ళు, దారం, కత్తెరలు, నాలుగు డబ్బాల క్రీములు వుంటే చాలు. అన్నిటికన్నా ముఖ్యం చేతిపని.

మేకప్ అనే మాట నాచారానికి పాతదే. ఎన్.టి. రామారావు కుటుంబానికి చెందిన రామకృష్ణ స్టూడియో వున్నది ఇక్కడే. అయితే దేశంలో సినిమారంగపు మేకప్ పని చాలాకాలం మగవారి సొత్తుగానే నడిచింది. ఆడవారికి జుట్టు అలంకరణ వరకే అనుమతి. ముంబయిలోని మేకప్ కళాకారుల సంఘం తనకు మేకప్ కార్డు ఇవ్వలేదని చారు ఖురానా అనే మహిళ కోర్టుకు వెళ్ళారు. ఆడవారన్న కారణంతో ఈ పని కాదనడం చెల్లదని 2014 నవంబరు 10న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈనాడు ఇంటింటికీ తిరిగి ఇదే పనితో సంసారం నెట్టుకొస్తున్న ఆడవారిని చూస్తే ఆ తీర్పు విలువ తెలుస్తుంది.

పెద్ద కంపెనీలు కూడా ఈ రంగంలోకి దిగాయి. 2014లో అర్బన్ క్లాప్ పేరుతో మొదలై, 2020లో అర్బన్ కంపెనీగా పేరు మార్చుకున్న సంస్థ అందులో ఒకటి. కమీషన్ల కోతపై 2021 అక్టోబరులో గురుగ్రామ్‌లో ఆ సంస్థ బ్యూటీషియన్లు ఆందోళనకు దిగారు. సొంతంగా పనిచేసుకునేవారికి ఆ కోత లేదు. కాగా, వారి వెనుక నిలబడే సంస్థా లేదు. పని చేయించుకున్నవారికి ఏదైనా తేడా వస్తే పోయి అడగడానికి బోర్డున్న దుకాణమూ లేదు. కనుక జాగ్రత్త ఇరువైపులా వుండాలి.

తెల్లబరిచే క్రీముతో చిక్కు

అసలు ప్రమాదం చేతిలో లేదు, డబ్బాలో వుంది. వారం రోజుల్లో ముఖం తెల్లగా అవుతుందని చెప్పే పేరులేని క్రీములను నమ్మరాదు. ఇలాంటి వాటిలో స్టెరాయిడ్ మందులు కలిసి వుండే అవకాశం వుంది. మొదట్లో ముఖం నిగనిగలాడుతుంది. వాడినకొద్దీ చర్మం పల్చబడి, ఎర్రబారి, మొటిమలు లేస్తాయి. ముఖంపై వెంట్రుకలు కూడా పెరగవచ్చు. క్రీము మానేస్తే మంట ఎక్కువై మళ్ళీ అదే రాయవలసి వస్తుంది. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ వుంటేనే అమ్మవలసిన మందుల జాబితాలో చేర్చడం గమనార్హం. డాక్టరు రాయవలసిన మందును ముఖానికి అందం కోసం పూయడం ఎంతమాత్రం తగదు.

రెండవ ముప్పు పాదరసం. చర్మానికి రంగునిచ్చే పదార్థం తయారు కాకుండా ఇది అడ్డుకుంటుంది. అందుకే తెల్లబడినట్టు కనిపిస్తుంది. కాని ఒంట్లోకి ఇంకి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. రాసుకున్నవారి తువ్వాలు, చేతుల ద్వారా ఇంట్లో పసిపిల్లలకూ చేరుతుంది. జపాన్‌లోని మినమాటా పట్టణంలో ఫ్యాక్టరీ నీటితో సముద్రంలో కలిసిన పాదరసం చేపలు తిన్నవారి ప్రాణాలు తీసింది. ఆ పట్టణం పేరుమీదనే 2013లో అనేక దేశాలు పాదరసంపై ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం 2018లో దానిని ఆమోదించింది. 2020 నాటి మన సౌందర్య సాధనాల నియమాల ప్రకారం ముఖానికి రాసే క్రీములో పాదరసం కావాలని కలపరాదు. తెలియక కలిసినా పది లక్షల పాళ్ళలో ఒక పాలు మించరాదు.

చూడవలసినవి ఇవి

డబ్బామీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ వుండాలి. విదేశీ సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు చిరునామా వుండాలి. ఇవి లేని డబ్బాను, ఒక డబ్బాలోంచి ఇంకొక డబ్బాలోకి మార్చిన క్రీమును వద్దనండి. డబ్బా చూపమని అడగడం అవమానం కాదు. పని తెలిసిన బ్యూటీషియన్ తానే ముందుగా చూపుతుంది.

జుట్టుకు రంగు వేయించుకునేవారు ముందురోజే పరీక్ష చేసుకోవాలి. చెవి వెనుక సబ్బుతో కడిగి, కలిపిన రంగు కొద్దిగా రాసి ఆరనివ్వాలి. 24 గంటల తరువాత కడగాలి. దురద, వాపు, ఎరుపు లేకుంటేనే తలకు వేసుకోవాలి. పారా ఫినిలీన్ డయమైన్ అనే పదార్థమున్న రంగుల పెట్టెపై ఈ హెచ్చరిక వుండాలన్నది చట్టం. ఆ రంగును కనుబొమలకు, కనురెప్పలకు వాడితే చూపు పోయే ప్రమాదం వుందని కూడా అక్కడే రాసి వుంటుంది. దానిని చదివేవారు ఎందరు?

బ్లేడు కొత్తది కావాలి. దారం ఒకరికి వాడినది మరొకరికి వాడరాదు. ఒకరి ముఖంమీది పులిపిర్లు ఇంకొకరికి అంటుకునేది ఇలాంటి చోటనే. మరిగిన వ్యాక్స్ వేడిని ముందు మణికట్టుపై చూసుకోవాలి. ఎన్నడూ చేయించుకోని ఫేషియల్, బ్లీచ్ పెండ్లికి ముందురోజు మొదటిసారి చేయించడం అసలే పనికిరాదు. దద్దుర్లు లేస్తే అవి పీటలమీద కూడా వుంటాయి. కొత్తదేదైనా వుంటే పదిహేను రోజుల ముందే చేయించి చూడటం మేలు. మచ్చలు తగ్గకపోయినా, మంట ఆగకపోయినా మళ్ళీ క్రీము రాయక చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాలి.

ఆమె క్షేమమూ ముఖ్యమే

ముక్కూ మొహం తెలియని ఇంటికి ఒంటరిగా వెళ్ళే ఆడమనిషికి వుండే భయం చెప్పనలవి కాదు. లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం పని కోసం వెళ్ళే ఇంటిని కూడా పనిచోటుగానే గుర్తిస్తున్నది. అసంఘటిత రంగంలోని మహిళలు జిల్లాలోని లోకల్ కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. ఆపద వస్తే 112కు ఫోను చేయాలి. 2021 ఆగస్టులో కేంద్రం ప్రారంభించిన ఇ-శ్రమ్‌లో 16 నుంచి 59 ఏళ్ళ అసంఘటిత కార్మికులు పేరు నమోదు చేయించుకోవచ్చు. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. లేని ఈ ఆడవారు ఆ పని చేసుకోవడం మంచిది.

పిలిపించుకునేవారికీ బాధ్యత వుంది. వచ్చిన మనిషికి కూర్చోను చోటు, తాగను నీళ్ళు ఇవ్వాలి. చెప్పిన కూలి చెప్పినట్టు చేతిలో పెట్టాలి. ఆమె ఇంటికి చేరే వేళ దాటకుండా పంపాలి. బేరమాడి సగానికి తగ్గిస్తే ఆ తగ్గింపు చివరకు చవకరకం డబ్బా రూపంలో మన పిల్ల ముఖానికే చేరుతుందని మరువరాదు.

లేబులు లేని క్రీములను అరికట్టవలసింది ఔషధ తనిఖీ అధికారులు. మూలనున్న కిరాణా కొట్టులోనూ, సంతలోనూ అమ్మే డబ్బాలను వారు పరిశీలించవలసిన అవసరం ఎంతైనా వుంది. అంతవరకు ఎవరి ముఖానికి వారే కాపలా. ఈ పెండ్లిళ్ళ రోజుల్లో గడపలోకి వచ్చిన సంచిని ఒక్కసారి తెరిపించి, డబ్బా తిప్పి చదివి, ఆ తరువాతనే అద్దం ముందు కూర్చోవడం అందరికీ శ్రేయస్కరం.