చేపకు పేను పడితే

శీలావతి చేప ఊరికే ఎగిరిపడదు. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చెరువు గట్ల మీద పనిచేసేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. మేత సంచుల దగ్గర మూగాల్సిన చేపలు అటు రాకుండా, నీళ్ళలో పాతిన వెదురు గడలకు ఒళ్ళు రుద్దుకుంటూ, ఉండుండి పైకి ఎగురుతున్నాయంటే వల వేసి నాలుగు చేపల్ని తీసి చూస్తారు. రెక్కల మొదళ్ళలో, పొట్ట కింద, కంటి పక్కన కందిపప్పు బద్దంత పల్చటి జీవులు అతుక్కుని ఉంటాయి. వేలితో తోస్తే పక్కకు జారి పాకుతాయి. అదే చేప పేను.

పేరుకు పేనే గానీ తలలో పేనుతో దీనికి దగ్గరి చుట్టరికం లేదు. రొయ్యలు, పీతలు ఏ వంశానివో ఇదీ ఆ వంశానిదే. శాస్త్రజ్ఞులు దీన్ని ఆర్గులస్ అంటారు. ఐరోపాలో దీని గురించి 1666లోనే రాసిపెట్టినవాడు స్ట్రాస్‌బుర్గ్‌కు చెందిన లియోన్‌హార్డ్ బాల్డ్‌నర్. ఆయన పండితుడు కాదు, రైన్ నదిని నమ్ముకుని బతికిన జాలరి. చేపను రోజూ చేత్తో పట్టుకునేవాడి కంటికి ఇది ముందుగా పడటం సహజమే.

భూతద్దం కింద పెట్టి చూస్తే దీని నిర్మాణం అబ్బురపరుస్తుంది. ఒళ్ళు గాజులా పారదర్శకంగా ఉంటుంది. ముందువైపు రెండు గుండ్రటి చూషకాలు, వాటి పైన రెండు నల్లటి కళ్ళు కనిపిస్తాయి. ఎంత జోరుగా ఈదే చేప మీద నుంచైనా ఇది జారిపోకుండా ఆపేవి ఆ చూషకాలే. పుట్టినప్పుడు మాత్రం వాటి స్థానంలో కొక్కేలుంటాయి. పెరిగే కొద్దీ ఆ అవయవాలే చూషకాలుగా మారతాయి. నోటి ముందు సూదిలాంటి ముల్లు ఒకటుంటుంది. దాన్ని చేప చర్మంలోకి దించి, కణజాలాన్ని కరిగించే రసాలు ఎక్కించి, ఊరిన ద్రవాన్నీ నెత్తురునూ పీల్చుకుంటుంది. చేప నీరసించడానికి పోయిన నెత్తురు ఒక్కటే కారణం కాదు. పొడిచిన ప్రతిచోటా పుండు పడుతుంది. నీళ్ళలో ఎప్పుడూ ఉండే ఏరోమోనాస్ లాంటి బాక్టీరియాకు ఆ పుండే దారి.

ఈ జీవి చేపను వదిలి ఈదగలదు కూడా. నాలుగు జతల కాళ్ళతో ఒక చేప నుంచి మరో చేపకు చేరుతుంది. గుడ్లు పెట్టే వేళకు ఆడది చేపను విడిచి వెళ్ళి రాయో, కర్రో, మొక్క కాడో వెతుక్కుంటుంది. దాని మీద వందల గుడ్లను వరసలుగా జిగురుతో అతికిస్తుంది. మన వాతావరణంలో ఆ గుడ్లు సుమారు పక్షం రోజుల్లో పొదుగుతాయి. బయటికొచ్చిన పిల్లకు కొద్ది రోజుల్లో చేప దొరకాలి, లేకపోతే ఆకలితో చస్తుంది.

నదికీ చెరువుకూ ఉన్న తేడా అంతా ఆ కొద్ది రోజుల్లోనే ఉంది. నదిలోనూ చేపలకు పేలుంటాయి. కానీ పారే నీటిలో, ఎక్కడో దూరంగా తిరిగే చేపను అందుకోలేక చాలా పిల్లలు చచ్చిపోతాయి. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో చేపలు ఒత్తుగా ఉంటాయి. తవుడు నింపి, చిల్లులు పెట్టి వేలాడదీసిన సంచి చుట్టూ రోజూ ఒళ్ళూ ఒళ్ళూ రాసుకుంటూ తింటాయి. పేనుకు ఇంతకన్నా సులువైన చోటు మరొకటి ఉండదు. బొచ్చె, ఎర్రమోసు, శీలావతి కలిపి పెంచే చెరువుల్లో ఎక్కువగా దెబ్బతినేది శీలావతే. కోస్తా రైతు సాగులో అధిక భాగం ఆ చేపే కాబట్టి ఈ నష్టాన్ని చిన్నదిగా చూడకూడదు.

ఒంటి మీద ఉన్న ప్రతి జీవీ నెత్తురు తాగదు. నీలకంఠ రొయ్య పెంకు మీద ఒక్కోసారి బూజులా కనిపించేది జూథామ్నియమ్, ఎపిస్టైలిస్ లాంటి ఏకకణ జీవుల గుంపు. కాడల చివర గంట ఆకారంలో వేలాడుతూ నీటిలోని బాక్టీరియాను వడకట్టి తింటాయి. జూథామ్నియమ్‌లో ఒకదాన్ని కదిపితే గుంపు మొత్తం ఒక్కసారిగా ముడుచుకుంటుంది. వాటికి రొయ్య నిలబడటానికి చోటు మాత్రమే. రొయ్య గుల్ల విడిస్తే అవీ దాంతోపాటే పోతాయి. అయితే మిగిలిన మేత కుళ్ళి బాక్టీరియా పెరిగిన చెరువులో ఇవి మొప్పల మీదికీ పాకి దట్టంగా కమ్ముతాయి. అప్పుడు రొయ్యకు ఊపిరాడదు. అలాంటి చోట మొదట చూడాల్సింది నీటిని.

మేలుకూ కీడుకూ మధ్య హద్దు ఎంత సన్ననిదో అమెరికా వాగుల్లో స్పష్టంగా తేలింది. అక్కడి క్రేఫిష్ మన రొయ్యకు దూరపు బంధువు, పెద్ద డెక్కలతో రాళ్ళ కింద బతుకుతుంది. భారతదేశంలో సహజంగా లేదు. దాని ఒంటి మీద జలగలకు దగ్గరి చుట్టాలైన చిన్న పురుగులు కాపురం ఉంటాయి. బ్రయన్ బ్రౌన్, రాబర్ట్ క్రీడ్, వారి సహచరులు వాటి సంఖ్యను మార్చి మార్చి చూశారు. 2012లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పురుగులు ఒక మోస్తరుగా ఉన్న క్రేఫిష్‌లే అసలు లేనివాటికన్నా బాగా పెరిగాయి. మొప్పల మీద పేరుకున్న మురికిని ఆ పురుగులు తినేస్తాయి. సంఖ్య బాగా పెరిగితే మాత్రం మురికి చాలక మొప్పలనే కొరుకుతాయి.

ఒంటి మీది జీవికీ దాన్ని మోసేదానికీ అసలు పొంతన కుదరని సందర్భాలూ ఉన్నాయి. 1859–60లో ఇటలీలోని లంబార్డీలో క్రేఫిష్‌లు గుట్టలుగా చచ్చాయి. కారణం అఫానోమైసిస్ అస్టాసి అనే బూజులాంటి జీవి. ఉత్తర అమెరికా క్రేఫిష్‌లు దాన్ని మోస్తూ చాలావరకు నిక్షేపంగా తిరుగుతాయి, ఐరోపావి దాన్ని తట్టుకోలేవు. దాని దాయాది అఫానోమైసిస్ ఇన్వాడాన్స్ 1988లో ఈశాన్య రాష్ట్రాల గుండా మన దేశంలోకి వచ్చింది. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను ఒంటి మీద ఎర్రటి లోతైన పుండ్లు వేసేది అదే. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల సాగు సంస్థ దానికోసం సిఫాక్స్ అనే మందు తయారుచేసింది.

పేనుకు మందు వేయడం అంత సూటిగా సాగదు. సైపర్‌మెత్రిన్ లాంటివి దాన్ని చంపుతాయి. కానీ పేను రొయ్య వంశానిది కాబట్టి, దాన్ని చంపే మందు అదే నీళ్ళలోని రొయ్యనీ, బొచ్చెకు ఆహారమైన నీటి సూక్ష్మజీవుల్నీ వదలదు. పైగా గుడ్లకు ఆ మందు సరిగా అంటదు. అందుకే ఒక్కసారి వేసి ఊరుకుంటే రెండు మూడు వారాల్లో పేలు మళ్ళీ మొదలవుతాయి, రైతు మోతాదు పెంచుతాడు. ఇది ఆగాల్సిన పద్ధతి.

ఆడ పేను గట్టి చోటు వెతుక్కుంటుంది కదా, ఆ చోటు మనమే చూపించడం పాత ఉపాయం. చెక్క పలకలో, వెదురు బద్దలో నీళ్ళలో వేలాడదీసి, గుడ్లు పొదిగేలోపే తీసి ఎండలో ఆరబెట్టి మళ్ళీ దించాలి. ఈ పని పేలు కనిపించకముందే మొదలుపెట్టాలి. చెరువులో చేపపిల్లల్ని వదిలేముందు ఉప్పునీళ్ళలో ముంచి, రెక్కల మొదళ్ళు వెతికి చూసుకోవాలి. కొనేవాళ్ళకు మాత్రం బెంగ అక్కర్లేదు: చేప పేను మనిషికి అంటదు, కడిగి వండుకున్న చేపతో దాని వల్ల ఏ హానీ లేదు.