కంటిలోని కటకము

కంటిపాప వెనుక సహజమైన కటకమొకటి కలదు. అది స్వచ్ఛముగా నున్నంతకాలము వెలుతురు దాని గుండ ప్రసరించి, కంటి వెనుకనున్న రెటీనాపై వస్తువుల ప్రతిబింబము నేర్పరచును. వార్ధక్యమున ఆ కటకము మసకబారును. దీనినే శుక్లము అందురు. మందులచే ఇది తొలగదు. మసకబారిన కటకమును శస్త్రచికిత్సచే తీసివేయవలసినదే.

పూర్వము అట్లు తీసివేసిన పిదప రోగి మిక్కిలి దళసరి కండ్లజోడు ధరింపవలసి వచ్చెడిది. ఈ కష్టమునకు ఉపాయము కనుగొన్నవాడు ఇంగ్లండు దేశపు నేత్రవైద్యుడు హెరాల్డ్ రిడ్లీ. రెండవ ప్రపంచయుద్ధమున విమానపు పైకప్పు ప్లాస్టిక్ తునుకలు విమానచోదకుల కండ్లలో గ్రుచ్చుకొనియు అంతగా వాపు కలిగింపకుండుటను ఆయన గమనించెను. 1949 నవంబరు 29న లండను నగరమందలి సెంట్ థామస్ ఆసుపత్రిలో, అట్టి ప్లాస్టిక్‌తో చేసిన కటకమును ఒక రోగి కంటిలో అమర్చెను. కాని దాని శక్తి లెక్కకు మించుటచే రోగికి తీవ్రమైన హ్రస్వదృష్టి కలిగెను. కొలత యెంత ముఖ్యమో దీనివలన తెలియుచున్నది.

నేడు కంటి పొడవును, కార్నియా అను ముందరి పొర వంపును కొలిచి కటకమును నిర్ణయింతురు. సామాన్య కటకము ఒక్క దూరమునకే పనికివచ్చును. దూరపు వస్తువులు తేటగా కనబడినను, చదువుటకు కండ్లజోడు కావలయును. మరికొందరికి కార్నియా అన్ని దిశల సమముగా వంగియుండదు. అందుచే చూపు చెదరును. దీనిని ఆస్టిగ్మాటిజమ్ అందురు. దీనిని సరిదిద్దునది టోరిక్ కటకము. దానిని నిర్ణీత దిశలోనే నిలుపవలెను. 10 డిగ్రీలు తిరిగిపోయినచో ఫలమున సుమారు మూడవవంతు నశించును; 30 డిగ్రీలైనచో ప్రయోజనమే యుండదు.

మల్టీఫోకల్ కటకము వెలుతురును విభజించి, కొంత దూరపు చూపునకును, కొంత దగ్గరి చూపునకును వినియోగించును. ఈ రెండు గుణములును గల కటకములు కూడ కలవు. వానిని అమర్చుకొన్నవారిలో పెక్కుమంది కండ్లజోడు లేకయే దారి చూచుకొని, వార్తాపత్రికను చదువగలరు. అయినను కొందరికి సన్నని అక్షరములకు కండ్లజోడు తప్పదు. వెలుతురు పంపకమగుటచే మసకచీకటిలో చూపు కొంత తగ్గును. రాత్రివేళ దీపముల చుట్టు వలయములు కనబడును. కొన్ని నెలలకు పలువురు దీనికి అలవాటుపడుదురు, కొందరు పడజాలరు. రెటీనా జబ్బు కలవారికి వైద్యులు సాధారణముగా దీనిని సూచింపరు.

కావున రాత్రులు లారీ నడుపువానికి సామాన్య కటకమే మేలు కావచ్చును. పగలు చదువుచు, కుట్టుపని చేయువారికి మల్టీఫోకల్ కటకము తగియుండవచ్చును. శస్త్రచికిత్సకు ముందే రోగి తన వృత్తిని, అలవాట్లను వైద్యునకు వివరింపవలెను. వెల హెచ్చైన కటకమే శ్రేష్ఠమని తలపరాదు. ఎవరి కంటికి, ఎవరి పనికి ఏది తగునో వారికదియే శ్రేష్ఠము.