మాటల మార్గమునకు కావలి



మా ఊరి పేరు కావలి. కాపు గాయుట యను అర్థము ఆ మాటలోనే యున్నది. పంటకును కళ్ళమునకును కావలి యుంచుట మీరెరిగినదే. మాటలు పోవు మార్గమునకు సయితము కావలి యవసరమని నేడు మనవి చేయుచున్నాను.

మన దేశమున 1885లో తంతి చట్టము పుట్టెను. లైసెన్సు లేక తంతి నడుపుటయు, పరుల వార్తను దొంగచాటుగా తెలిసికొన జూచుటయు నేరములని యది విధించెను. పిమ్మట తీగ లేని వార్తలు వచ్చెను. తీగ యున్నచో దాని వెంట బోయి దొంగను పట్టవచ్చును. ఆకాశమున పోవు మాటకు జాడ యెక్కడిది? అందుచేత 1933 నాటి వైర్‌లెస్ చట్టము, లైసెన్సు లేక యంత్రమును దగ్గర నుంచుకొనుటయే నేరమనెను. ఆ కాలమున రేడియో పెట్టెకును లైసెన్సు పుచ్చుకొనవలసి యుండెను.

నేటి దొంగ యంత్రము పేరు సిమ్ బాక్సు. అది పదుల కొలది సిమ్ములు పట్టు పెట్టె. విదేశము నుండి ఇంటర్నెట్టు మీదుగా వచ్చిన పిలుపును అది తనలోని యొక సిమ్ము ద్వారా స్థానికపు పిలుపుగా మార్చి పంపును. వినువానికి కనబడునది మన దేశపు నంబరే. చెల్లవలసిన రుసుము చెల్లదు, పిలిచినవాడెవడో తెలియదు. పోలీసులమని బెదిరించి వృద్ధుల సొమ్ము హరించువారికి ఈ మరుగే బలము.

కావున పార్లమెంటు 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టము చేసెను. అందలి శిక్షలు 2024 జూన్ 26 నుండి అమలునకు వచ్చినవి. అనుమతి లేక టెలికాం వ్యవస్థలో జొరబడినవారికి మూడేండ్ల వరకు ఖైదు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేక రెండును. మోసముతో సిమ్ములు సంపాదించినవారికిని, గుర్తింపు సంఖ్య మార్చిన పరికరమును తెలిసియు నుంచుకొన్నవారికిని మూడేండ్ల వరకు ఖైదు, 50 లక్షల వరకు జరిమానా, లేక రెండును.

ఇది పట్టణవాసుల గొడవ యని మీరనవచ్చును. కాదు. ఆ పెట్టెకు కావలసినవి ఒక గది, ఇతరుల పేరిటి సిమ్ములు. ఈ రెండును తుమ్మలపెంట వంటి పల్లెలలోను దొరకును. ఎక్కువ యద్దె యిచ్చి, యంత్రము పెట్టి, తాళము వేసికొని పోవువానిని పనియేమని యడుగుడు. సిమ్ము కొనునపుడు వేలిముద్ర రెండవమారు వేయుమన్నచో కారణము తెలిసికొనక వేయకుడు. మీ పేర నెన్ని సిమ్ములున్నవో సర్కారువారి సంచార్ సాథీలో చదువుకొన్న పిల్లలచేత చూపించుకొనుడు. ఎరుగనివానిని తీసివేయుమని యందే కోరవచ్చును. సొమ్ము పోయినచో జాగు సేయక 1930 నంబరునకు తెలుపుడు.