ఎండాకాలానికో చేదు బీరు

మజ్జిగ పులుపు, మామిడిపండు తీపి... ఎండాకాలం అనగానే నోరూరించే రుచులివి. చేదును తలచుకునేవాళ్లు తక్కువ. కానీ రెండు వందల ఏళ్ల కిందట మనదేశంలోని తెల్లదొరలు మండువేసవిలో కోరి తాగింది చేదునే. పేరులో మన దేశాన్ని పెట్టుకున్న ఆ బీరు... ఇండియా పేల్‌ ఏల్‌!

అప్పట్లో లండన్‌లో ఓడ బయల్దేరి, ఆఫ్రికా కొసను చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి మద్రాసుకో కలకత్తాకో చేరేసరికి నెలలు గడిచేవి. ఆ వేడికి పీపాల్లోని బీరు పాడైపోయే ప్రమాదం ఎక్కువ. దానికి విరుగుడే హాప్స్‌. ఓ తీగకు కాసే పచ్చటి పూలగుత్తులివి. వీటిలోని చేదు పదార్థాలు బీరును పుల్లబరిచే బ్యాక్టీరియాను అడ్డుకుంటాయి. ఊరగాయకు మనం ఉప్పు దట్టించడం లాంటిదే.

లండన్‌ తూర్పున ‘బో’ అనేచోట హాడ్జ్‌సన్‌కు బీరు కర్మాగారం ఉండేది. ఓడరేవు దగ్గరే. పైగా ఈస్టిండియా కంపెనీ నౌకల కెప్టెన్లకు సరుకు అరువిచ్చేవాడు. ఇంకేం, వ్యాపారం అతని గుప్పిట్లోకి వచ్చింది. ఇండియా కోసమే అతనీ బీరు కనిపెట్టాడన్న కథ వినడానికి బాగుంటుంది కానీ, నిజం కాదు. హాప్స్‌ దండిగా వేసి నిల్వచేసే లేతరంగు బీరు ఇంగ్లండులో అంతకుముందే ఉంది. 1820ల్లో బర్టన్‌ పట్టణం నుంచి ఆల్సాప్‌, బాస్‌ సంస్థలు పోటీకొచ్చాయి. అక్కడి బావినీళ్లలో జిప్సం ఎక్కువ. ఆ నీళ్లతో చేస్తే చేదు మరింత తేటగా తెలుస్తుంది.

సరే, ఇక్కడి ఎండల్లో చల్లబరచడం ఎలా? సురేకారం కలిపిన నీళ్లలో సీసాలు తిప్పుతూ కూర్చోవడానికి ‘ఆబ్దార్‌’ అనే పనివాడు ఉండేవాడు. దొర వరండాలో సేదతీరాలంటే అతను చెమటోడ్చాలన్నమాట! 1833లో బోస్టన్‌ నుంచి కలకత్తాకు ఓడలో మంచుగడ్డలే వచ్చాయి. బయల్దేరినప్పుడు 180 టన్నులు, దిగేసరికి మిగిలింది సుమారు వంద. మామూలు సిపాయిలకు మాత్రం ఎక్కువగా దక్కింది నల్లటి పోర్టర్‌ బీరే.

హాప్స్‌ ఘాటుకు ఈ కాలంలో మళ్లీ గిరాకీ తెచ్చింది అమెరికన్లు. కాలిఫోర్నియాలో ఎండలు మండే చికో పట్టణంలో 1980లో సియెర్రా నెవాడా పేల్‌ ఏల్‌ మొదలైంది. అందులో వాడే కాస్కేడ్‌ హాప్స్‌ది పంపరపనస తొక్క గిల్లినప్పుడు వచ్చేలాంటి వాసన. ఆ వాసనా, నోట్లో తీపిని మిగలనివ్వని చేదూ కలిసే వేసవిలో హాయినిస్తాయి. దాహం తీరుతుందనుకుంటే పొరపాటే. ఆల్కహాల్‌ ఒంట్లో నీటిని బయటకు పంపేస్తుంది కాబట్టి, పక్కన మంచినీళ్ల గ్లాసు ఉండాల్సిందే. మరీ గడ్డకట్టేంత చల్లగా ఉంటే ఆ పంపరపనస వాసనా తెలియదు. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు ఆగాలి.