ఇంటిపనులలో భాషాపాఠం

వస్తువు పేరును బిడ్డకు వేలుపెట్టి చూపి చెప్పవచ్చును. ‘కింద’ అనే మాటను అలా చూపలేము; అది రెండు వస్తువుల నడుమనున్న సంబంధం. ఆ సంబంధం నిత్యం ఏర్పడే చోటనే ఆ మాట బిడ్డ చెవిని పడాలి. చొక్కా తొడుగుతూ “చెయ్యి లోపలికి పెట్టు, ఇదిగో బయటికి వచ్చింది” అంటే చాలును. రేపూ అదే పని, అదే మాట. బియ్యం కొలిచేవేళ ఎక్కువ తక్కువలు సరేసరి.

కాలాన్ని తెలిపే మాటలతోనే చిక్కు. తెలుగింటి పసివారు కూడా నిన్న, రేపులను కలిపివేస్తారు. ఉర్దూలోనైతే ‘కల్’ అంటే నిన్న, రేపు కూడా. ‘పర్సోఁ’ అంటే మొన్న, ఎల్లుండి కూడా. ఏదైనదీ క్రియాపదమే తేల్చాలి. (ఆ మాటకు వస్తే మన ‘మనము’, ‘మేము’ రెండింటికీ అక్కడ ‘హమ్’ ఒక్కటే.) కనుక ఉర్దూ మాట్లాడే ఇంటి బిడ్డ తెలుగు బడిలో నిన్నను రేపు అన్నంతమాత్రాన మందబుద్ధి అని ముద్రవేయడం అన్యాయమని మేము తలుస్తున్నాము. ఒక్క మాటతో సాగిన చోట ఆ బిడ్డను రెండు మాటలు అడుగుతున్నాము.

ముందుగా ఇంటిభాషలోనే ఆ భావం కుదురుకోవాలి. పడకవేళ తల్లి “కల్ గయే థే, కల్ జాయేంగే” అని జరిగినదీ జరగబోయేదీ రోజూ చెబుతూ ఉంటే బిడ్డ ఆ రెంటినీ వేరుపరచుకుంటుంది. బడిలో ఉపాధ్యాయిని “నిన్న వెళ్ళాము, రేపు వెళ్తాము” అని ఆ భావాలకే తెలుగు పేర్లు అందించవచ్చును.